నడుస్తున్న ఆసుపత్రిలో దశలవారీ రినోవేషన్: పాత భవనం మోడల్‌ను ఏం చేయాలి?

ప్రశ్న: నేను విజయవాడలో ఆర్కిటెక్ట్‌ని. మా ఆఫీసు ఒక ప్రైవేటు ఆసుపత్రి రినోవేషన్ చేస్తోంది. 1978లో కట్టిన జీ ప్లస్ త్రీ భవనం. ఆసుపత్రి మూయకుండా మూడు ఫేజుల్లో పని జరగాలి. మొదట లేజర్ స్కాన్ చేయించి రెవిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో పాత భవనం 3డీ మోడల్ తయారు చేశాం. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఓపీ, ల్యాబ్ మొదటి ఫేజ్. అది అయిపోయింది. ప్లాస్టర్ కొట్టాక మోడల్‌లో లేనివి చాలా బయటపడ్డాయి. కాంట్రాక్టర్ కూల్చివేత బిల్లు మా లెక్కతో కలవడం లేదు. ఇప్పుడు రెండో ఫేజ్ డ్రాయింగులు ఇవ్వాలి. పాత భవనాన్ని వేరే ఫైల్‌గా విడదీసి లింక్ చేద్దామని ఒక సీనియర్ అంటున్నారు. ఇవాళ సైట్‌లో ఉన్నదే ‘ఎగ్జిస్టింగ్’ అనుకుని కొత్త ఫైల్ మొదలుపెడదామని ఇంకొకరు అంటున్నారు. స్ట్రక్చరల్, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) కన్సల్టెంట్ల మోడళ్లు మా ఫేజులతో కలవవు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ దారిలో వెళ్లమంటారు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: కొత్త ఫైల్ మాత్రం మొదలుపెట్టకండి. ఇది ముందు చెప్పాలి, ఎందుకంటే గడువు దగ్గరపడినప్పుడు అందరికీ సులువుగా తోచే దారి అదే. మొదటి ఫేజ్‌లో మీరు కట్టిన గోడ, రెండో ఫేజ్ వ్యూలో (ఆ దశను చూపే ప్లాన్‌లో) దానంతట అదే పాత గోడగా కనిపిస్తుంది. ఏది ఏ దశలో కట్టారో, ఏ దశలో కూల్చారో గుర్తు పెట్టే ఫేజులు రెవిట్‌లో ఉన్నదే అందుకు. దాన్ని వదిలేసి ఇవాళ్టి స్థితిని మళ్లీ ‘ఎగ్జిస్టింగ్’ చేస్తే మొదటి ఫేజ్‌లో ఏం కూల్చారో, ఏ గోడ 1978 నాటిదో, ఏది మొన్న కట్టిందో చెప్పే ఆధారం ఫైల్‌లోంచి పోతుంది. కాంట్రాక్టర్‌తో బిల్లు తేలకుండా ఉన్న సమయంలో ఆ ఆధారం మీకు చాలా అవసరం. మూడో ఫేజ్‌లో స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి ‘ఈ గోడ ఒరిజినలేనా?’ అని అడిగినా జవాబు అందులోనే ఉండాలి.

అలాగని ఇప్పుడున్న ఫైల్ ఒక్కటే సరిపోదు. మొదటి ఫేజ్ టెండర్‌కి ఇచ్చిన రోజున మోడల్ ఎలా ఉందో, ఆ కాపీని సెంట్రల్ ఫైల్ (టీమ్ అంతా కలిసి పనిచేసే ఫైల్) నుంచి డిటాచ్ చేసి, అంటే విడదీసి, తేదీ పేరులోనే వచ్చేలా పెట్టి, ఎవరూ మార్చలేని ఫోల్డర్‌లో ఉంచండి. అప్పుడు ఇచ్చిన పీడీఎఫ్‌లు కూడా దాని పక్కనే ఉండాలి. ఆ రోజు కాపీ తీయకపోయి ఉంటే బ్యాకప్‌లోంచి దగ్గరి తేదీది వెతికి తీయండి. ‘ఆ రోజు మనకు ఏం తెలుసు’ అన్నదానికి ఈ కాపీ సాక్ష్యం. ‘నిజంగా ఏం ఉంది’ అన్నదానికి నడుస్తున్న ఫైల్ సాక్ష్యం. ఒకే ఫైల్‌తో రెండిటికీ జవాబు చెప్పాలనుకోవడంతోనే సగం చిక్కులు వస్తాయి.

ఇక మీ సీనియర్ చెప్పిన లింక్ సంగతి, అంటే పాత భవనాన్ని వేరే ఫైల్‌లో ఉంచి మీ ఫైల్‌లో చూపించడం. ఆయన మాటలో కొంత నిజం ఉంది, పాత భవనాన్ని ఎవరూ చెయ్యి పెట్టి చెడగొట్టకుండా కాపాడాలన్నదే ఆయన ఉద్దేశం. కానీ లింక్‌లో ఉన్న గోడను మీ ఫైల్‌లోంచి కూల్చినట్టు గుర్తు పెట్టలేరు. ఆ గోడలో కొత్త తలుపు పెట్టలేరు. కొత్త గోడ దానికి సరిగా అతుక్కోదు, ప్లాన్‌లో ప్రతి మూలా ఒక గీత మిగులుతుంది. కూల్చివేత అంతా లింక్ ఫైల్ తెరిచి అక్కడే చేయాలి. అంటే రెండు ఫైళ్లలోనూ ఫేజులు పెట్టి, రెండూ ఎప్పటికీ ఒకేలా ఉండేలా చూసుకోవాలి. పనిలో ఉన్న భవనానికి ఈ తిప్పలు అక్కర్లేదు. పని తగలని వాటిని లింక్ చేయండి: పక్కనున్న డయాగ్నస్టిక్ బ్లాక్, కాంపౌండ్, రోడ్డు అవతలి భవనాలు, కన్సల్టెంట్ల మోడళ్లు, పాయింట్ క్లౌడ్ (స్కాన్‌లో వచ్చిన కొలత చుక్కలు). పని తగిలే భవనం మొత్తం ఒకే ఫైల్‌లో, ఫేజులతో ఉండాలి. ఆయన భయానికి మందు వేరే ఉంది. పాత గోడలు, కాలమ్‌లు అన్నిటినీ పిన్ చేయండి, అంటే ఉన్నచోటే బిగించండి. పొరపాటున జరగవు. పాత భవనానికి ఆఫీసులో ఒక్కరినే బాధ్యులుగా పెట్టండి. మిగతావాళ్లు అందులో మార్పు కావాలంటే వాళ్లకే చెప్పాలి.

అసలు విషయానికి వస్తాను. ప్లాస్టర్ కొట్టాక బయటపడినవి. మీ బిల్లు కలవకపోవడానికి కారణం చాలావరకు ఇక్కడే ఉంటుందని నా అనుమానం.

ఓపీ హాల్ గోడ ప్లాస్టర్ ఊడగొడితే లోపల ఇటుకలతో మూసేసిన పాత కిటికీ కనబడిందనుకోండి. పైన ఒక లింటెల్ (కిటికీ పైన గోడ బరువు మోసే దూలం). మీ టీమ్‌లో కుర్రాడు మోడల్ తెరుస్తాడు. అతని ముందున్న ప్లాన్ వ్యూ ఫేజ్ ‘ఫేజ్ 1’. అందులో ఏ ఎలిమెంట్ (గోడ, తలుపు లాంటి భాగం) గీసినా ‘ఫేజ్ క్రియేటెడ్’ అన్నచోట ఆ వ్యూ ఫేజే పడుతుంది. ఫలితం, 1978 నాటి లింటెల్ కాస్తా మొదటి ఫేజ్‌లో కొత్తగా పోసిన లింటెల్ అయి కూర్చుంటుంది. కొత్త పని షెడ్యూల్‌లో (మోడల్ నుంచి వచ్చే పట్టికలో) ఒక లింటెల్ ఎక్కువ, కూల్చివేత షెడ్యూల్‌లో ఒకటి తక్కువ. ఇలాంటివి పదో పాతికో జరిగితే చాలు, ఇక మీ లెక్క, కాంట్రాక్టర్ లెక్క ఎప్పటికీ కలవవు.

కాబట్టి సూత్రం ఇది: ఎలిమెంట్ ఏ ఫేజ్‌లో ఉండాలో నిర్ణయించేది అది ఎప్పటి నుంచి ఉందన్న సంగతి. ఎప్పుడు కనబడిందన్నది వేరే సమాచారం, దాన్ని వేరే చోట రాయాలి. బయటపడినవాటిని గీయడానికి ‘ఎగ్జిస్టింగ్’ ఫేజ్‌లో ఉన్న ప్రత్యేక వ్యూలు పెట్టండి. అక్కడే గీయాలని అందరికీ చెప్పండి. తీసేసినవైతే ‘ఫేజ్ డిమాలిష్డ్’లో ఫేజ్ 1 పెట్టండి. ఇంకా రెండు ప్రాజెక్ట్ పారామీటర్లు (ఎలిమెంట్‌కి వివరం రాసే గడులు) చేర్చండి: ఒకటి ‘బయటపడిన తేదీ’, రెండోది ‘ఆధారం’. ఆధారంలో సైట్ ఫోటో నంబరో, సైట్ ఇన్‌స్ట్రక్షన్ నంబరో ఉండాలి.

దీంతో బిల్లు చర్చ తీరే మారిపోతుంది. కూల్చినవి మాత్రమే చూపే ఫేజ్ ఫిల్టర్ ఒకటి తయారు చేసుకోండి, రెవిట్ మొదట ఇచ్చేవాటిలో అచ్చంగా అలాంటిది లేదు. దానితో కూల్చివేత షెడ్యూల్ తీసి, బయటపడిన తేదీ ఖాళీగా ఉన్నవి ఒక పట్టికగా, తేదీ ఉన్నవి ఇంకో పట్టికగా విడదీయండి. మొదటిది టెండర్‌లో చెప్పినది. రెండోది ఎవరికీ ముందు తెలియనిది. కాంట్రాక్టర్ నిజంగా అదనంగా చేసిన పనికి డబ్బు రావాలి, దాన్ని ఆపడం న్యాయం కాదు. చేయనిదానికి ఆసుపత్రి కట్టకూడదు. ఈ రెండు పట్టికలు ముందు పెట్టుకుని కూర్చుంటే మాట్లాడుకోవడానికి ఒక దారి దొరుకుతుంది. మోడల్ కొలతలు సైట్ కొలతలు రాసే మెజర్‌మెంట్ బుక్‌కి బదులు మాత్రం కావు. సైట్‌లో ఇద్దరూ కలిసి తీసిన కొలతలే చెల్లుతాయి. మోడల్ తేడా ఎక్కడుందో చూపిస్తుంది, అంతే.

ప్లాస్టర్ గురించి ఒక మాట. గోడ టైప్‌లో ఇటుక, రెండువైపులా ప్లాస్టర్ కలిపి లేయర్లుగా పెట్టి ఉంటారు. అందులో ఒక్క ప్లాస్టర్ లేయర్‌ను మాత్రమే కూల్చినట్టు చూపడం రెవిట్‌లో నేరుగా కుదరదు. ఆసుపత్రిలో ప్లాస్టర్ తీసి మళ్లీ చేసే పని పెద్ద మొత్తమే కాబట్టి, రెండో ఫేజ్ నుంచి ఆ పని ఉన్న గదుల్లో ప్లాస్టర్‌ని వేరే పల్చని గోడగా గీయండి. మొత్తం భవనానికి చేయక్కర్లేదు. శ్రమ దండగ.

ఇప్పుడు టీమ్‌లో అందరూ చేసే ఒక పని చూడండి. పాత ఫ్లష్ డోర్ తీసి ఫైర్ డోర్ పెట్టాలి. తలుపును సెలెక్ట్ చేసి, టైప్ మార్చేస్తారు. రెండు క్లిక్కుల పని. చూడ్డానికి ప్లాన్ బాగానే ఉంటుంది. కానీ ఇప్పుడు మోడల్ ప్రకారం ఆ ఫైర్ డోర్ 1978 నుంచీ అక్కడే ఉంది. పాత తలుపు కూల్చివేతలో లేదు, కొత్త తలుపు కొనాల్సిన జాబితాలో లేదు. పాతదాన్ని కూల్చినట్టు గుర్తు పెట్టి, అదే చోట కొత్తది పెట్టాలి. తలుపు తీసేసి ఊరికే మూసేయాల్సిన చోట రెవిట్ ఆ ఖాళీని తనే గోడతో నింపుతుంది, ఆ గోడ టైప్ మాత్రం చూసి మార్చుకోండి. లేకపోతే ఇప్పుడు ఏఏసీ బ్లాక్‌తో (తేలికైన కాంక్రీట్ ఇటుకతో) మూసేది కూడా పాత తొమ్మిదంగుళాల ఇటుక గోడగా లెక్కలోకి వెళ్తుంది.

కాలమ్ జాకెటింగ్‌లోనూ (పాత స్తంభం చుట్టూ కాంక్రీట్ పోసి బలపరచడంలోనూ) ఇదే తప్పు జరుగుతుంది, అక్కడ ఇంకా ప్రమాదం. పాత కాలమ్ 230 బై 450 మిల్లీమీటర్లు అనుకోండి, చుట్టూ 100 మిల్లీమీటర్ల జాకెట్ వేస్తే 430 బై 650 అవుతుంది. సైజు మార్చేస్తే పాత కాలమే 430 బై 650 ఉన్నట్టు రికార్డు అవుతుంది. పాత కాలమ్‌ను ముట్టుకోకుండా జాకెట్‌ను కొత్త ఎలిమెంట్‌గా గీయాలి. కారిడార్‌కి రెండువైపులా కాలమ్‌లు ఉంటే ఒక్కో వైపు 100 పోయి మొత్తం 200 మిల్లీమీటర్లు తగ్గుతుంది. స్ట్రెచర్ తిరిగే కారిడార్‌లో ఆ వెడల్పు చాలా విలువైనది. ఆ తగ్గుదల ఏ ఫేజ్‌లో వస్తుందో మోడల్‌లో స్పష్టంగా కనబడాలి.

స్లాబ్‌లో కొత్త డక్ట్ కోసం రంధ్రం పెట్టేటప్పుడు పాత స్లాబ్ స్కెచ్ ఎడిట్ చేసి వదిలేయకండి. స్కెచ్ మారిస్తే అన్ని ఫేజుల్లోనూ మారిపోతుంది, గోడలో కొంత భాగం కూల్చడానికి ముందు స్ప్లిట్ చేసినట్టే ఇక్కడా కూల్చే ముక్కను విడిగా గీసుకోవాలి.

మీ ఉత్తరంలో మీరు అడగని ఒక సంగతి గురించి నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది. రెండో ఫేజ్ అంటే మొదటి అంతస్తు వార్డులు, వాటి టాయిలెట్లు అయి ఉండాలి. రెండు, మూడు అంతస్తుల్లో రోగులు ఉంటారు. వాళ్ల టాయిలెట్ల నుంచి వచ్చే సాయిల్ పైపు (మురుగు పైపు) మీ మొదటి అంతస్తు టాయిలెట్ల డక్ట్‌లోంచే కిందికి దిగుతుంది. డ్రాఫ్టింగ్ చేసేవాళ్లు టాయిలెట్ బ్లాక్ మొత్తాన్ని ఒక్కసారిగా సెలెక్ట్ చేసి ‘డిమాలిష్’ కొడతారు. ఆ పైపు గ్రౌండ్ నుంచి టెర్రస్ దాకా ఒకటే ముక్కగా గీసి ఉంటే పైపు మొత్తం రెండో ఫేజ్‌లోనే కూలిపోయినట్టు డ్రాయింగ్‌లో పడుతుంది. డ్రాయింగ్‌లో ఉంది కదా అని కూలీలు కోసేస్తారు. వాళ్ల తప్పేమీ లేదు. పై అంతస్తుల్లో రోగులు ఉండగా అలా జరగడం ఊహించుకోండి.

అందుకని పైపులు, కేబుల్ ట్రేలు, పై నుంచి కిందికి ఒకే ముక్కగా గీసిన గోడలు, అన్నిటినీ అంతస్తు అంతస్తుకీ విడదీయండి. తర్వాత ప్రతి పాత లైన్‌కీ ఇంకో పారామీటర్ ఇవ్వండి: ‘ఎక్కడికి పోతోంది’. అందులో అంతస్తు, విభాగం రాయండి. పని జరిగే చోటు దాటి ఇంకా నడుస్తున్న వార్డుకు పోయే ప్రతి లైన్‌నూ వ్యూ ఫిల్టర్‌తో ముదురు ఎరుపులో చూపించండి. ముఖ్యంగా ఆక్సిజన్ లైన్లు, వాటి వాల్వులు, ఫైర్ లైన్, మెయిన్ ఎలక్ట్రికల్ ఫీడర్లు. ఆ షీట్ ప్రింట్ తీసుకుని ఆసుపత్రి మెయింటెనెన్స్‌లో చాలాకాలంగా ఉన్న ప్లంబర్‌నీ, ఎలక్ట్రీషియన్‌నీ వెంటపెట్టుకుని ఫ్లోర్ అంతా తిరగండి. ఏ వాల్వు తిప్పితే ఏ వార్డు ఆగిపోతుందో స్కాన్‌లో ఎక్కడా కనబడదు. వాళ్లకు తెలుసు. వాళ్లు చెప్పింది అక్కడికక్కడే ప్రింట్ మీద రాసుకుని అదే రోజు మోడల్‌లో ఎక్కించండి.

తాత్కాలిక ఏర్పాట్లూ మోడల్‌లో ఉండాలి. దుమ్ము రాకుండా వేసే జిప్సమ్ బోర్డు అడ్డు, తాత్కాలిక దారి, తాత్కాలిక నర్స్ స్టేషన్. ఒకే ఫేజ్‌లో కట్టి అదే ఫేజ్‌లో తీసేసేవే రెవిట్‌కి టెంపరరీ. ఒక ఫేజ్‌లో కట్టి తర్వాతి ఫేజ్‌లో తీసేసే అడ్డు మామూలు కొత్త గోడలాగే కనబడుతుంది. దాని పేరులోనే ‘తాత్కాలికం’ అని పెట్టకపోతే దానికి కూడా పుట్టీ, పెయింట్ ఎస్టిమేట్‌లో పడతాయి.

రూముల సంగతి చాలామంది మర్చిపోతారు. రూమ్ ఒక్క ఫేజ్‌కే చెందుతుంది. గోడలు తర్వాతి ఫేజ్‌లోకి వస్తాయి కానీ రూములు రావు, ప్రతి ఫేజ్‌లోనూ మళ్లీ పెట్టాలి. ల్యాబ్ ఒక ఫేజ్‌లో ఒకచోట, తర్వాతి ఫేజ్‌లో ఇంకోచోట ఉండే ఆసుపత్రిలో గది పేరుని నమ్ముకుంటే గందరగోళమే. ప్రతి గదికీ మారని కోడ్ ఒకటి ఇచ్చి, ఆసుపత్రి తలుపు మీద ఉన్న నంబరు దాని పక్కనే రాయండి.

మీ మొదటి స్కాన్ ఎంతవరకు నమ్మదగినది? ఇది మీకు మీరే నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న. నడుస్తున్న ఆసుపత్రిలో ఐసీయూ, ఓటీ (ఆపరేషన్ థియేటర్)ల్లోకి స్కానర్ తీసుకెళ్లడానికి మామూలుగా ఒప్పుకోరు. ఫాల్స్ సీలింగ్ పైన ఏముందో స్కానర్‌కి కనబడదు. ఆ చోట్లన్నీ పాత బ్లూప్రింట్ చూసో, ఊహించో గీసి ఉంటారు. కానీ మోడల్‌లో అన్ని గోడలూ ఒకే రకం నల్ల గీతలు. చూసేవాళ్లకు అన్నీ కొలిచినట్టే అనిపిస్తుంది. పాత ఎలిమెంట్లన్నిటికీ మూడు విలువల్లో ఒకటి ఇవ్వండి: కొలిచింది, పాత డ్రాయింగ్ ప్రకారం, ఊహ. వాటికి మూడు రంగులు పెట్టి, ఆ ప్లాన్‌ను టెండర్ సెట్‌లోనే జత చేయండి. తెలియనిది తెలియదని ముందే చెప్పిన డ్రాయింగ్‌తో గొడవలు తక్కువ. కాంట్రాక్టర్ కూడా రేటు వేసుకునేటప్పుడు దాన్ని చూసి వేసుకుంటాడు.

ఖచ్చితత్వం ఎంత కావాలో కూడా చోటుని బట్టి నిర్ణయించండి. అమెరికాలో యూఎస్ఐబీడీ అనే సంస్థ పాత భవనాల కొలతలకు ఎల్ఓఏ (లెవెల్ ఆఫ్ యాక్యురసీ) అనే ఖచ్చితత్వ స్థాయిలు పెట్టింది. ఎల్ఓఏ 20 అంటే తేడా 15 మిల్లీమీటర్ల నుంచి 5 సెంటీమీటర్ల మధ్య. ఎల్ఓఏ 30 అంటే 5 నుంచి 15 మిల్లీమీటర్లు. వార్డులకు మొదటిది చాలు. లిఫ్ట్ బావి, మెట్లు, ఓటీ, కొత్త ఫాల్స్ సీలింగ్ పైన డక్టులు బీమ్‌ల కిందుగా పోయే చోట్లకు రెండోది కావాలి. 1978 నాటి గోడ 2 సెంటీమీటర్లు వంకరగా ఉంటే వార్డులో తిన్నగానే గీసేయండి. లిఫ్ట్ దగ్గర అలా గీయకండి.

కన్సల్టెంట్ల మోడళ్లు కలవకపోవడానికి కారణం మామూలుగా ఒకటే. వాళ్ల ఫైల్‌లో ఫేజులు మీవాటితో సరిపోవు, లింక్ చేశాక ఫేజ్ మ్యాపింగ్ (వాళ్ల ఏ ఫేజ్ మీ ఏ ఫేజ్‌కి సమానమో చెప్పే సెట్టింగ్) ఎవరూ సరిచేయరు. ఫేజుల పేర్లు, వరస రాసి అందరికీ పంపండి, ఫేజులు సృష్టించడం మీ ఆఫీసు చేతిలోనే ఉండాలి. ఒకసారి పెట్టిన ఫేజుల వరసను రెవిట్ మార్చనివ్వదు. మధ్యలో కొత్తది చేర్చవచ్చు, పక్కదానితో కలిపేయవచ్చు, అంతే. కాబట్టి ఒక ఫేజ్‌లోనే చిన్న చిన్న దశలు ఉన్నాయని ప్రతిదానికీ రెవిట్ ఫేజ్ పెట్టకండి. హ్యాండోవర్ (పూర్తయిన భాగం అప్పగింత) ఉన్నచోటే ఫేజ్ పెట్టాలి. రెండో ఫేజ్‌కి రెండు రకాల ఆలోచనలు ఉంటే వాటికీ ఫేజులు వాడొద్దు, రెవిట్‌లో అందుకు డిజైన్ ఆప్షన్లు అనే వేరే ఏర్పాటు ఉంది. కాకపోతే మెయిన్ మోడల్‌లో (ఏ ఆప్షన్‌కీ చెందకుండా) ఉన్న ఒక గోడను ఒక ఆప్షన్‌లో కూల్చి ఇంకో ఆప్షన్‌లో ఉంచడం కుదరదు, కూల్చివేత నిర్ణయం ముందే తీసుకోవాలి.

మొదటి ఫేజ్ పూర్తయిందని అన్నారు. పూర్తయినదాన్ని కొలిచారా? మీరు గీసినట్టే కట్టారన్న నమ్మకంతో రెండో ఫేజ్ మొదలుపెట్టకండి. గ్రౌండ్ ఫ్లోర్‌ను మళ్లీ స్కాన్ చేయించండి. కొత్త గోడ 40 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంటే దాన్ని మోడల్‌లో జరపాలి, ఫేజ్ మాత్రం ఫేజ్ 1 గానే ఉంచాలి. రెండు స్కాన్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలంటే కదలని గుర్తులు కావాలి. మూడు ఫేజుల్లోనూ కూల్చని మెట్ల గోడ మీద సర్వే గుర్తులు కొట్టించి, వాటి కోఆర్డినేట్లు రాసిపెట్టుకోండి.

ఈ వారంలో ఏం చేయాలంటే, ముందు టెండర్ నాటి కాపీ వెతికి భద్రపరచండి. తర్వాత ‘ఫేజ్ క్రియేటెడ్’ ఫేజ్ 1గా ఉన్న ప్రతి ఎలిమెంట్‌నూ షెడ్యూల్‌లో తీసి, నిజంగా కొత్తగా కట్టినదేనా అని సైట్ ఇంజినీరుతో కూర్చుని ఒక్కొక్కటిగా చూడండి. ఒక పూట పని కాదు, రెండు మూడు రోజులు పట్టవచ్చు. అది అయ్యాకే బిల్లు మీద మాట్లాడండి. రెండో ఫేజ్ కూల్చివేత షీట్లు సాయిల్ పైపు, ఆక్సిజన్ లైన్లు తేలేదాకా ఇవ్వకండి, గడువు దాటినా సరే. మీ పైవాళ్లు ఒప్పుకోకపోతే పైన రోగులు ఉండగా ఏ లైన్ తెగితే ఏ వార్డు ఆగుతుందో ఆ ఎరుపు గీతల షీట్ చూపించి అడగండి. మొదటి అంతస్తు ఫాల్స్ సీలింగ్ పని మొదలైనప్పుడు ప్యానెళ్లు విప్పిన రోజే స్కానర్ వాళ్లు సైట్‌లో ఉండేలా కాంట్రాక్ట్‌లో ఒక లైను రాయించండి. కొత్త సీలింగ్ మూసేస్తే పైన ఏముందో మళ్లీ చూడటం కుదరదు.